దావ చూడొద్దని చెప్పినదాన్ని

కొత్తగా చేరిన కౌన్సెలర్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను అప్పుడప్పుడూ పిలుస్తుంటారు. పిలిచేవాళ్లు ముందే ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో బాగా కుదిరిన కేసు ఒకటి చెప్పండి, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది" అంటారు. నా దగ్గర అలాంటి కేసు ఒకటుంది. కాగితాల మీద చూస్తే అంతకన్నా మంచి ఫలితం మా కేంద్రంలో ఇంకొకటి లేదు. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఉత్సాహం కావలసినవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నాది జమ్మలమడుగు. మా ముత్తాతల కాలంలో మిషను దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. మగవాళ్లు బడిలో, ఆడవాళ్లు ఆసుపత్రిలో, అదీ మా ఇంటి తీరు. నేనూ నర్సునే. ఇరవై ఏళ్లు వార్డుల్లో తిరిగి, మోకాళ్లు మొరాయించాక కౌన్సెలింగు శిక్షణ తీసుకుని, ప్రొద్దుటూరులో ఒక ట్రస్టు నడిపే చిన్న మానసిక ఆరోగ్య కేంద్రంలో కుదురుకున్నాను. రెండు గదులు. వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరు. కంప్యూటరు ముందు కోస్తా నుంచి వచ్చిన ఒక గుమాస్తా. "మీవాళ్లు బాగున్నారా అని అడిగినా పోట్లాడుతున్నట్టే ఉంటుందండీ" అని నన్ను ఆటపట్టించేవాడు. మనిషి మాత్రం మంచివాడు.

ఆ రోజుల్లో నగరంలోని ఒక సంస్థ మా కేంద్రానికి ఫోన్లో నడిచే చికిత్స ఒకటి ఇచ్చింది. ఎప్పుడూ ఏదో జరిగిపోతుందని నెలల తరబడి, ఏళ్ల తరబడి మనసు పీక్కునేవాళ్ల కోసం అది. ఎనిమిది వారాలు. వారానికొక పాఠం ఫోన్లో వినాలి. భయంతో కుస్తీ పట్టొద్దు, దాని నుంచి పారిపోవద్దు, వచ్చింది కదా, ఉండనీ, నువ్వు మాత్రం నీకు ముఖ్యమైన పని చేసుకో. పాఠాలన్నిటి సారం అంతే. రోజూ మూడు గళ్లలో రాయాలి: వచ్చిన ఆలోచన ఏమిటి, ఒంట్లో ఏమైంది, నేనేం చేశాను. పొద్దున్నే నేను అవన్నీ చదివి రెండు మూడు వాక్యాల్లో జవాబు రాయాలి. బాగా చేసినవాళ్లకు ఒక పువ్వు బొమ్మ పెట్టాలి. పువ్వు పెట్టడం కూడా నిబంధనే.

చికిత్స చెడ్డదని చెప్పడానికి నేను రాలేదు. మంచిదే. నా కళ్లముందే ఎంతోమంది దానితో తేరుకున్నారు. పాఠాలు రాసినవాళ్లకు మా ఊళ్లు తెలియవు, అంతే. "మీ ఆలోచనలను నదిలో తేలిపోయే ఆకులుగా భావించండి" అని మెత్తటి గొంతుతో ఒకామె చెప్పేది.

"పెన్నలో నీళ్లు యాడుండాయి మేడమ్, ఆకులు తేలేదానికి?" అని అడిగింది ఒక పేషెంటు, మొదటి వారంలోనే. నేను చెప్పబోయేది ఆమె గురించే.

నలభై దగ్గరి మనిషి. వీరపునాయునిపల్లె వైపు ఒక ఊళ్లో ఇంట్లోనే మిషను కుట్టేది. భర్త ఒక నాయకుడి బండి తోలేవాడు. ఆ నాయకుడు ఏ పార్టీ అని అడగొద్దు, ఆ ఏడు ఏ పార్టీలో ఉన్నాడో నాకే గుర్తులేదు. ఆమె మామ కూడా ఆ నాయకుడి తండ్రికి డ్రైవరే. ఫ్యాక్షను రోజుల్లో బండిలోనే చంపేశారు. మా సీమలో నాయకుడి మీదికి వచ్చినవాళ్లు ముందు చక్రం పట్టినవాణ్ణి చంపుతారు, బండి కదలకుండా.

ఆమె పదకొండేళ్లుగా సరిగా నిద్రపోలేదు. గ్యాసు బండ, బిడ్డ దగ్గు, ఎదురింటివాళ్ల మాట, అన్నీ ఆమెకు భయాలే. మెడ పట్టేసేది, అన్నం సయించేది కాదు. భర్తకు రోజుకు ఇరవైసార్లు ఫోన్ చేసేది. ఆయనే ఆమెను మా దగ్గరికి తీసుకొచ్చాడు. బక్కపలచటి మనిషి, నెమ్మదస్తుడు.

"బండి నడపతాంటే ఫోన్లు మేడమ్. రెడ్డి నవ్వుతాండాడు, నీ పెండ్లాంతో మాట్లాడనికి ఇంకో డ్రైవరును పెట్టల్ల అని. రోంత చూడండి," అన్నాడు.

ఆమె ఏమీ దాచలేదు. ఫోన్లు కాక ఇంకొక పని చేస్తానంది. రోజూ పొద్దున, భర్త నాయకుడి ఇంటికి పోయేలోపల, ఏదో ఒక పని పెట్టుకుని రోడ్డు మలుపు దాకా నడిచి వస్తుంది. టీ అంగడి దగ్గర కొత్త మొహాలున్నాయా, కల్వర్టు మీద ఎవరైనా కూర్చున్నారా అని చూస్తుంది. ఏమైనా కనబడితే భర్తకు ఫోన్. దాన్ని వాళ్లు దావ చూడటం అంటారు. ఆమెకు అత్త నేర్పింది. అత్తకు ఆమె అత్త.

ఇది నాకు కొత్త సంగతి కాదు. నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక ఇంట్లో ముసలమ్మ చేతిలో చెంబు పట్టుకుని రోడ్డు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, నీళ్లు పారబోసి వెనక్కి పోయేది. ఆ తర్వాతే ఆ ఇంటి మగవాళ్లు గడప దాటేవారు. ఆ చెంబు ఎందుకో మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అన్నీ తెలిసి నేను చేసిన పని వినండి.

చికిత్సలో ఒక పట్టిక ఉంటుంది. భయాన్ని తాత్కాలికంగా చల్లార్చుకోవడానికి పేషెంటు చేసే పనులన్నీ అందులో రాయాలి: తాళం పదిసార్లు లాగి చూడటం, అడిగిందే అడగడం, ఫోన్లు చేయడం. అవి ఒక్కొక్కటే మానితే భయం కూడా దారికొస్తుంది. నేను ఫోన్లు రాశాను. దాని కింద దావ చూడటం కూడా రాశాను.

వారానికొకసారి నగరం నుంచి మా పర్యవేక్షకుడు కంప్యూటరు తెర మీద కనబడేవాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, మా జిల్లాలో ఒక్కనాడూ అడుగు పెట్టనివాడు. మూడో వారంలో ఆ పట్టిక చూసి, "ఈ రోడ్డు దాకా వెళ్లి చూసి రావడం ఇంకా ఎందుకు ఉంది? ఐదో వారంలోపల పోవాలి కదా" అన్నాడు.

"అది ఈ ప్రాంతంలో ఉండే అలవాటు సార్," అన్నాను.

"ప్రతి ఊళ్లో ప్రతి పేషెంటూ అదే అంటారండీ," అన్నాడు. అది కూడా నిజమే. ఆ తర్వాత నవ్వుతూ అడిగాడు, "ఏమిటి, మీ దగ్గర ఇంకా బాంబులేనా?"

తెరలో ఇంకా నలుగురు ఉన్నారు, వేరే జిల్లాల కౌన్సెలర్లు. వాళ్లూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కడప అనగానే ఆ నవ్వు నేను నర్సింగు చదివే రోజుల నుంచీ చూస్తున్నాను. హాస్టల్లో నా పెట్టె తాకడానికి భయపడినట్టు నటించేవాళ్లు. ఆ సిగ్గు నా గొంతులోంచి మాట్లాడింది.

"లేదు సార్. ఫ్యాక్షను ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడంతా మామూలే," అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. పర్యవేక్షకుడికి తెలియక అడిగాడు. నేను తెలిసి చెప్పాను. మా సీమ మీద పడిన మచ్చను తుడవాలని, ఒక మనిషి ఇంటి ముందర ఉన్న ప్రమాదాన్ని కూడా దానితోపాటు తుడిచేశాను.

ఆ మరుసటి రోజే ఆమెకు చెప్పాను. ఫోన్లు తగ్గించుకోమంటే వెంటనే ఒప్పుకుంది. దావ చూడొద్దనేసరికి తల అడ్డంగా ఊపింది.

"మా యత్త ఒప్పుకోదు మేడమ్."

"నీకు నయం కావల్లనా, మీ యత్త ఒప్పుకోవల్లనా?" అన్నాను. నేనేదో గొప్ప మాట అన్నాననుకున్నాను.

మానేసింది. ఒట్టి మాట కాదు, నిజంగానే మానేసింది. ఆమె అంత పట్టుదలగల పేషెంటును నేను చూడలేదు. పెన్నలో ఆకులు తేలవు కాబట్టి, ఎర్రగుంట్ల రోడ్డు మీద సిమెంటు లారీలను పెట్టుకుంది. "లారీలు పోతాంటాయి. మనం రోడ్డు పక్కన గమ్మున కూచున్యామంటే వాటి దావన అవి పోతాయి. చెయ్యెత్తి ఆపాల్సిన పని ల్యా, ఎక్కాల్సిన పని ల్యా," అని రాసింది. సంస్థవాళ్ల పాఠం కన్నా అది నాకు బాగా నచ్చింది. వేరే పేషెంట్లకు కూడా చెప్పాను.

ఐదో వారంలో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా కేంద్రానికి వచ్చింది. చేతిలో దారపు ఉండలు, లైనింగు గుడ్డలు ఉన్న పెద్ద సంచి. ఆరేళ్ల తర్వాత ఒంటరిగా బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చిందట.

"కారం దోశ తింటి మేడమ్, రెండు. ఒక్కదాన్నే కూచోని. మీకొకటి కట్టించుకొస్తి," అని పొట్లం నా బల్ల మీద పెట్టింది. నిద్ర పడుతోందట. ఆయనకు రోజంతా ఒక్క ఫోనూ చేయలేదట. "ఆయనే చేస్తాండాడు ఇప్పుడు, ఏమైందే, బాగుండావా అని," అంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి మా గుమాస్తా కూడా బల్ల దగ్గరి నుంచి లేచి వచ్చాడు. ముగ్గురం కలిసి ఆ దోశ తిన్నాం. నా ఉద్యోగంలో నిజంగా సంతోషపడిన రోజుల్లో అదొకటి. ఆ సంతోషం అబద్ధం కాదు కాబట్టే నాకు ఎక్కువ కోపం.

ఏడో వారంలో స్థానిక ఎన్నికలకు నామినేషన్లు మొదలయ్యాయి. ఆ పొద్దున ఆమె రాసింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

వచ్చిన ఆలోచన: "బిడ్డకు పాలు తేను పోతి. టీ అంగడి కాడ ముగ్గురు కొత్తోళ్లు ఉండారు. టీ తాగలే. రోడ్డు దిక్కే చూస్తాండారు. ఆయనకు ఏమన్నా అయితాదేమో అనిపించె."

ఒంట్లో: "గుండె దడ. చేతులు చల్లగాయె."

నేనేం చేశాను: "ఫోన్ చెయ్యలే. లారీ పోనీలే అని కూచుంటి."

ఎనిమిదిన్నరకు నేను అది చదివాను. ఆ పొద్దున నా ముందు ఇంకో పద్నాలుగు మంది రాతలున్నాయి. ముగ్గురు మనుషులు, టీ తాగకుండా, రోడ్డు వైపు చూస్తూ. జమ్మలమడుగులో పుట్టిన ఎవరికైనా ఆ మూడు ముక్కలు చాలు. నేను చదివింది మాత్రం మూడో గడి. జవాబు రాశాను: "చాలా బాగా చేశారు. ఫోన్ చేయాలనిపించినా ఆ భయంతో పాటు కూర్చోగలిగారు. ఇదే మీ గెలుపు." పువ్వు పెట్టాను. తర్వాతి పేషెంటు రాసింది తెరిచాను.

పదకొండు దాటాక గుమాస్తా ఫోన్ చూసుకుంటూ నా గదిలోకి వచ్చాడు. "మేడమ్, ఆవిడ వాళ్లాయన ఎవరి బండి తోలతారన్నారండీ?" అని అడిగాడు. అతని మొహం చూసి, చేతిలోని ఫోన్ లాక్కున్నాను.

కల్వర్టు దాటాక బండికి అడ్డంగా ట్రాక్టరు పెట్టారు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు బండిలో. నాయకుడు లేడు.

ఎందుకు లేడో రెండు రోజులకు తెలిసింది. ఆయనకు పొద్దున్నే కబురందింది, టీ అంగడి దగ్గర మనుషులున్నారని. బంధువుల కారు తెప్పించుకుని ఇంకో రోడ్డున పోయి నామినేషను వేయించి వచ్చాడు. డ్రైవరుతో మాత్రం, "నువ్వు బండి తీస్కోని ముందు పో, నేను ఎనక వస్తా" అన్నాడట. తన బండి ఆ దారినే పోతుంటే, కాపు కాసినవాళ్లు అక్కడే ఉంటారు కదా. అంత లెక్క వేసినవాడు సమాధి దగ్గర నిలబడి, "నా ప్రాణానికి తన ప్రాణం అడ్డమేసినాడు" అని కళ్లు తుడుచుకున్నాడు. ఫోటోగ్రాఫరు సరిగా తీయలేదని రెండోసారి దండ వేశాడని కూడా విన్నాను. ఏడాది తిరక్కుండానే ఆ చంపించినవాళ్ల పార్టీలోకే మారాడు. ఆయన, ఆ చంపించినవాడు ఒకే వేదిక మీద కూర్చున్న ఫోటో నేను పేపర్లో చూశాను. థూ అని ఆ పేపరు మడిచి అవతల పారేశాను. ఆమె రాసిన మాటల కాపీ నేనే పోలీసులకిచ్చాను. సాక్షులు రాక కేసు నిలబడలేదు.

నాయకుడికి దావ చూసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. డ్రైవరుకు ఉన్నది ఒక్కతే. ఆ ఒక్కదాన్నీ నేనే ఇంట్లో కూర్చోబెట్టాను.

మూడు వారాలకు నగరం నుంచి మెయిలు వచ్చింది. ఆమె చివరి ప్రశ్నపత్రం అందలేదనీ, గడువు దాటిపోతోందనీ. నేను ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. పర్యవేక్షకుడు నిజంగానే బాధపడ్డాడు. "అయినా ఫారం మాత్రం కావాలండీ. మధ్యలో వదిలేసినట్టు చూపిస్తే మొత్తం ఫలితాలు దెబ్బతింటాయి" అన్నాడు.

వెళ్లాను. ఫారం కోసం కాదని నాకు నేను చెప్పుకున్నాను, కానీ ఫారం నా సంచిలోనే ఉంది.

వాకిట్లో అత్త కూర్చుని ఉంది. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"దావ చూడొద్దని చెప్పింది నువ్వేనా?"

"నేనేమ్మా."

"ఏ ఊరు మీది?"

"జమ్మలమడుగు."

ఆమె మొహం అవతలికి తిప్పుకుంది. నగరం పేరేదైనా చెప్పి ఉంటే, పాపం తెలియదులే అనుకునేదేమో.

లోపల ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు. నా చేతిలో కాగితం ఆమే చూసింది. "ఆఖరిదా మేడమ్? అడగండి," అంది. వద్దులే అన్నాను. "మొదలుపెట్టినంక అయిపోగొట్టల్ల గదా," అంది. పట్టుదలగల మనిషి అని చెప్పాను కదా.

అడిగాను. గడిచిన రెండు వారాల్లో మనసు ఊరికే కంగారుగా ఉందా అంటే, లేదంది. రకరకాల విషయాల గురించి అతిగా ఆందోళన పడ్డారా? "దేని గురించి పడల్ల ఇంగ?" అంది. ఒక్కొక్కదానికీ సున్నా వేసుకుంటూ పోయాను. చివరి ప్రశ్న చదవకుండానే కాగితం మడవబోయాను. ఆమే కాగితం తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఏదో ఘోరం జరగబోతోందని ఎన్నిసార్లు భయం వేసింది.

"దానికీ సున్నానే ఏసుకోండి మేడమ్. అది జరిగిపాయ గదా."

వేశాను. లేచి వచ్చేటప్పుడు ఆమె ఫోన్ తీసి నా ముందు పెట్టింది. ఆ పొద్దున నేను పంపిన జవాబు తెరిచి ఉంది, పువ్వుతో సహా.

"లారీ పోనీలే అని రాసిపెడ్తి గానీ, అది పోలే మేడమ్. గంటసేపు చూస్తి, గుండెలో దడ తగ్గలే. ఫోన్ చేద్దామని నంబరు తీస్తి. అప్పుడే మీది వచ్చె. చూస్కోని పక్కన పెడ్తి," అంది.

ఆమె గొంతులో నా మీద నింద లేదు. జరిగింది జరిగినట్టు, మూడు గళ్లలో రాసినట్టే చెప్పింది. అలా చెప్పడం ఆమెకు నేర్పింది నేనే.

ఆ ఫారం కంప్యూటరులోకి ఎక్కించమని ఇస్తే మా గుమాస్తా చదివి వెనక్కి ఇచ్చాడు. "నా వల్ల కాదండీ మేడమ్," అన్నాడు. నేనే ఎక్కించాను. కాగితం కింద ఎర్ర సిరాతో ఏం జరిగిందో రాసి, స్కాను తీసి పంపాను. అంకెలు మాత్రమే తీసుకున్నారు.

సమీక్ష సమావేశం నగరంలో పెద్ద హాల్లో జరిగింది. తెర మీద గీతలు. అందరివీ కిందికి దిగి ఎక్కడో ఒకచోట ఆగాయి. ఒక్క గీత మాత్రం పైనుంచి సూటిగా అడుగుకు దిగింది. చూపించినాయన మా పర్యవేక్షకుడు కాదు, అంతకన్నా పెద్దాయన. "ప్రొద్దుటూరు కేంద్రం. పూర్తి ఉపశమనం," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

లేచి నిలబడ్డాను. "ఆమె భర్తను నరికి చంపారు సార్. అందుకే సున్నా," అన్నాను. ఆమె ఏం రాసిందో, నేనేం జవాబిచ్చానో చెప్పాను. కడప కదా అని ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. నవ్వి ఉంటే ఆ రోజు ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఎవరూ నవ్వలేదు. లెక్కలు చూసే అమ్మాయి మెల్లగా అడిగింది, "అయితే ఆమెను ఫలితాల్లోంచి తీసేయాలా సార్?"

"అక్కర్లేదు. చికిత్స పూర్తిచేసింది కదా," అన్నాడు పెద్దాయన.

ఆ నివేదికలో ఆమె ఇప్పటికీ ఉంది. పాఠాల మొదట్లో ఒక్క ప్రశ్న చేర్చమని మూడుసార్లు ఉత్తరం రాశాను, నమూనా మారిస్తే ఫలితాలు పోల్చడం కుదరదన్నారు. తర్వాత నన్ను పులివెందుల కేంద్రానికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. అదే చికిత్స, అవే గళ్లు. ఆ ప్రశ్న మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా నేనే నోటితో అడిగేదాన్ని: "మీ ఇంట్లో దావ చూసేది ఎవరు?"

చాలామంది నవ్వేసేవారు, అదంతా ఎప్పుడో పోయింది మేడమ్ అని. వాళ్లకు పాఠాలు మొదలుపెట్టేదాన్ని. ఒక్కోసారి మాత్రం ఎవరో ఒకామె తల వంచుకుని, "నేనే" అనేది. అప్పుడు ఫోను పక్కన పెట్టించి ఆమెతో చెప్పేదాన్ని, "అది మానొద్దమ్మా. ఎవరు మానమన్నా మానొద్దు, నేను చెప్పినా సరే. తక్కినవాటి సంగతి చూద్దాం."

ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్న వైద్యం ఇదొక్కటే. నాకది నేర్పినామె ఇంట్లోంచి ఇప్పుడు బండి తోలడానికి పోయేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆమె రోజూ పొద్దున రోడ్డు మలుపు దాకా నడిచి వస్తోందట.